మంచు బ్లేడు మెడ తిప్పిన రోజు

సూరత్‌లో మంచు పడదు. చలికాలంలో కూడా మధ్యాహ్నానికి చొక్కా వీపుకు అతుక్కుపోయే ఊరు ఇది. అయినా మా ఉప్పు యార్డులో ట్రాక్టరు ముందు తగిలించి ఉన్న ఇనప బ్లేడు మాత్రం అసలు సిసలు మంచు బ్లేడే. ఎక్కడో కొండల్లో రోడ్డు మీద పడ్డ మంచును తోయడానికి చేసింది. ఆ పని చేసే కాంట్రాక్టరు ఎవరో సామానంతా అమ్ముకుంటే, చేతులు మారి మారి మా పక్క ఊరు కిమ్‌లోని పాత ఇనుము గోడౌనుకు చేరింది. మా సేఠ్ దాన్ని అక్కడ చూసి, మంచైనా తెలుపే ఉప్పైనా తెలుపే అనుకున్నాడో ఏమో, లారీలో వేసుకుని తెచ్చేశాడు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. నన్నెవరు అడుగుతారు?

యార్డు సంగతి చెప్పాలి. సముద్రం వైపు ఉన్న ఉప్పు మళ్ళ నుంచి లారీల్లో ఉప్పు వస్తుంది. మా దగ్గర కుప్ప పడి, అక్కడి నుంచి పాండేసరా రంగుల మిల్లులకు పోతుంది. యార్డులో ఒక పక్క పొడుగునా ఉప్పు కుప్ప, రెండో పక్క ఆఫీసు, కాటా. మధ్యలో లారీల దారి. లారీ గుమ్మరించి పోగానే దారిలో పడ్డ ఉప్పును ట్రాక్టరుతో కుప్పలోకి తోయడం నా పని. బ్లేడు తిన్నగా ఉంటే ఉప్పు రెండు అంచుల నుంచీ జారి మళ్ళీ దారిలోనే పడుతుంది. అందుకని బ్లేడును ఒక పక్కకు ఏటవాలుగా తిప్పి పెట్టాలి. అప్పుడు ఉప్పంతా ఆ పక్కకే ఒరుగుతూ పోతుంది. పోయేటప్పుడు కుప్ప నా కుడి పక్క ఉంటుంది, వచ్చేటప్పుడు ఎడమ పక్క. అంటే దారి చివరికి చేరిన ప్రతిసారీ బ్లేడు మెడ తిప్పాలన్నమాట.

ఆ తిప్పడమే నా ప్రాణాలు తోడేసేది. సీటు దిగాలి. బ్లేడు వెనక ఉన్న లావుపాటి పిన్నును సుత్తితో కొట్టి ఊడదీయాలి. ఉప్పుతో సావాసం చేసే ఇనుము ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, తుప్పు పట్టి బిగుసుకుని కూర్చునేది. పిన్ను ఊడాక బ్లేడు అంచుకు భుజం ఆనించి, రంధ్రాలు ఎదురెదురుగా వచ్చేదాకా తోయాలి. మళ్ళీ పిన్ను కొట్టాలి. మళ్ళీ సీటెక్కాలి. లారీ డ్రైవర్లు హారన్లు కొడుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ కొండల్లో ఈ బ్లేడు చేసినవాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు.

ఒక రోజు అలా తోస్తుండగా కుడి భుజంలో పుటుక్కుమంది. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. డాక్టరు చూసి, లోపల నరం చిరిగింది, ఇక ఈ చేత్తో బరువులు తోశావంటే చెయ్యి పైకి లేవదు అన్నాడు. ట్రాక్టరు నడపడానికి ఇబ్బంది లేదు. స్టీరింగు తిరుగుతుంది, గేర్లు పడతాయి. ఆ దిక్కుమాలిన పిన్ను దగ్గరే చెయ్యి రాదు. లారీ క్లీనర్లను బతిమాలి తిప్పించుకునేవాణ్ణి. వాళ్ళు ఒకసారి సాయం పట్టి రెండోసారి టీ కొట్టు వైపు మాయమయ్యేవాళ్ళు. గేటు బయట లారీలు బారులు తీరాయి.

సేఠ్ చెడ్డవాడు కాదు. కానీ ఎంతకాలం చూస్తాడు? ఒక రోజు పిలిచి హిందీలో మెల్లగా చెప్పాడు. దీపావళి వెకేషన్ అయ్యాక లోడరు మెషీను కిరాయికి వస్తుంది, దానికి డ్రైవరు దాంతోపాటే వస్తాడు, నువ్వు వేరే ఏదైనా చూసుకో భాయ్ అని. అంత మెల్లగా చెప్పకపోయినా బాగుండేది. గట్టిగా అరిస్తే నేనూ తిరిగి అరిచి ఉండేవాణ్ణి.

వేరే ఏదైనా అంటే నాకు ఒకటే కనిపించింది, మగ్గాలు. నేను ఈ ఊరికి వచ్చిందే మగ్గాల కోసం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మా వాళ్ళందరిలాగే నేనూ మగ్గాల షెడ్డులో, ఇక్కడ ఖాతా అంటారు దాన్ని, ఏళ్ళ తరబడి నిలబడ్డాను. ఆ చప్పుడులో పక్కవాడి మాట పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సిందే. ఇంటికొచ్చాక కూడా చెవుల్లో టకటక ఆగేది కాదు. ట్రాక్టరు సీటు దొరికిన రోజు నాకు సింహాసనం దొరికినట్టే అనిపించింది. ఎత్తు మీద కూర్చుంటాం, గాలి తగులుతుంది, మనిషి పిలిస్తే వినబడుతుంది. ఆ సీటు పోతుందంటే నాకు నిజంగా భయం వేసింది. పైగా ఈ భుజంతో ఖాతాలో కూడా దారం చుట్టిన బీమ్ ఎత్తలేను, మహా అయితే నేల ఊడ్చే పని ఇస్తారు. ఇంట్లో ఆ మాట చెబితే మా ఆవిడ చేతిలో ఉన్న గంటె అక్కడే పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఊడుసుడెందుకు? పోయి మీ బావనడుగు. ఇనుప ముక్కలతోనే సంసారం చేస్తడు గదా," అంది.

మా బావ, అంటే మా అక్క మొగుడు, బమ్రోలిలో చిన్న వెల్డింగు షెడ్డు పెట్టుకున్నాడు. ఆయనా మొదట్లో ఖాతా మనిషే. విరిగిన మగ్గాలకు అతుకులు వేస్తూ వేస్తూ వెల్డింగు పట్టుబడింది. మా ఇద్దరికీ ఒక్క క్షణం పడదు, ఒక్క రోజు చూసుకోకుండా గడవదు.

"బావా, లోడరుకు ముంగట బొక్కెన లివరు గుంజితే తిరుగుతది గదా. మా మంచు బ్లేడుకు గట్ల పెట్టరాదా?" అన్నాను.

"ఎందుకు పెట్టరాదు? మంచి జాకొకటి కావాలె. దాంట్లకు రెండు దిక్కుల నూనె పోయే వాల్వు కావాలె. నూనె తోసే పంపు ట్రాక్టరుకు ఉండనే ఉన్నది. గని మీ సేఠ్ ఒప్పుకుంటడా?"

"సేఠ్‌ను నేను సూసుకుంట."

"నువ్వు సూసుకునుడంటే లొల్లి పెట్టుకునుడే గదరా బామ్మర్ది. జర నోరు అదుపుల పెట్టుకొని మాట్లాడు."

అదుపులోనే పెట్టుకున్నాను. సేఠ్ అంతా విని, వెకేషన్‌లో యార్డు ఎలాగూ మూసి ఉంటుంది, చేసుకో అన్నాడు. లాభ్ పాంచమ్ రోజు పూజ అయ్యాక చూస్తాను, పనికొస్తే సరే, లేకపోతే మర్నాడు పొద్దున లోడరు వచ్చేస్తుంది అన్నాడు. లాభ్ పాంచమ్ అంటే దీపావళి సెలవుల తర్వాత సూరత్ అంతా మళ్ళీ షట్టర్లు ఎత్తే రోజు. ఆ రోజు మొదలుపెట్టిన పని ఏడాదంతా అలాగే నడుస్తుందని ఇక్కడి వ్యాపారస్తుల నమ్మకం.

దీపావళికి ఊరంతా పటాకులు కాలుస్తుంటే, ట్రాక్టరును తోలుకొచ్చి పెట్టిన బావ షెడ్డులో మాకు వెల్డింగు నిప్పురవ్వలే పటాకులు. పాత సామాను బజారులో తిరిగి తిరిగి, ముక్కలు చేసిన ఒక లోడరు నుంచి దాని స్టీరింగు తిప్పే జాకు తెచ్చాం. చేయి పొడుగు ఇనప గొట్టం, లోపల కడ్డీ. ఒక పక్క నూనె తోస్తే కడ్డీ బయటికొస్తుంది, రెండో పక్క తోస్తే లోపలికి పోతుంది. బ్లేడు మధ్యలో ఇరుసు ముందే ఉంది. పిన్ను తీసేసి, జాకు ఒక కొస ట్రాక్టరు ముందు చట్రానికి, రెండో కొస బ్లేడు వీపుకు కట్టాం. కడ్డీ బయటికొస్తే బ్లేడు ఒక పక్కకు తిరగాలి, లోపలికి పోతే రెండో పక్కకు. ట్రాలీని లేపడానికి పోయే నూనెను వాల్వులోకి మళ్ళించి, దాని లివరు నా ఎడమ చేతికి అందేలా సీటు పక్కనే బిగించాం. నా మంచి చెయ్యి అదే కదా. బావ ఊరికే తిడుతూనే ఇవన్నీ నా కోసం ఆలోచించి చేశాడు, అది నాకు తెలుసు.

ఇక పైపులు. ఇక్కడే మా ఇద్దరి అసలు బుద్ధి బయటపడింది. మగ్గం మీద బతికినవాడికి వదులు అంటే కంట్లో నలుసు. మగ్గం మీద పొడుగునా బిగించిన పడుగులో ఒక్క దారం వదులైనా పక్కదానికి చుట్టుకుంటుంది, తెగుతుంది, బట్టంతా పాడవుతుంది, సూపర్‌వైజరు నోరు పడిపోయేలా తిడతాడు. అందుకే మా చేతులకు ఏది దొరికినా గుంజి బిగించడమే అలవాటు. బట్టలారేసే తీగ వదులుగా ఉన్నా నాకు నిద్ర పట్టదు. బ్లేడును తిన్నగా నిలబెట్టి, వాల్వు నుంచి జాకు దాకా టేపు పట్టి, ఒక్క వేలు కూడా ఎక్కువ రాకుండా కొలిచి, ఉధనాలోని పైపుల దుకాణంలో చేయించుకొచ్చాం. బిగించాక చూస్తే రెండు పైపులూ ఎక్కడా వంపు లేకుండా గీత గీసినట్టున్నాయి.

"సూడు బామ్మర్ది, అచ్చం పడుగు తీరుగ ఉన్నది," అని బావ మురిసిపోయి వేలితో మీటాడు. నేనూ మీటాను. లివరు గుంజితే బ్లేడు కదిలింది. షెడ్డు ఇరుకు కాబట్టి ఇటు గోడ, అటు స్తంభం తగిలి సగం దాకానే తిరిగింది. మాకది చాలనిపించింది. ఇద్దరం ఒకరినొకరం వీపు మీద చరుచుకున్నాం.

లాభ్ పాంచమ్ పొద్దున మా ఆవిడ కూడా మేముండే వడోద్ నుంచి నాతో బయల్దేరింది. "మీ ఇద్దరి మీద నాకు నమ్మకం లేదు," అంది, టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని. యార్డుకు బావ ముందే వచ్చి ఉన్నాడు. సేఠ్ ట్రాక్టరుకు బంతిపూల దండ వేసి, కుంకుమతో స్వస్తిక్ గీసి, కొబ్బరికాయ కొట్టాడు. ఏడాదిలో మొదటి లారీ వచ్చి దారి మధ్యలో తెల్లటి ఉప్పు గుమ్మరించి గేటు పక్కన ఆగింది. నేను సీటెక్కాను. పోయేటప్పుడు సగం ఏటవాలుతో బ్రహ్మాండంగా పోయింది. ఉప్పు నురుగులా పక్కకు ఒరిగింది. బావ అప్పుడే మీసం మెలేస్తున్నాడు. దారి చివర ట్రాక్టరు తిప్పి, దర్జాగా లివరు చివరిదాకా గుంజాను.

టప్‌మని పైపు ఊడింది. నల్లటి నూనె చిమ్మి, పూల దండ మీద, కుంకుమ మీద, ఏడాదికి మొదటి ఉప్పు మీద, నా ముఖం మీద పడింది. బ్లేడు వంకరగా అలాగే నిలబడిపోయింది. మంచి రోజున ఇలా అయిందే అన్నట్టు సేఠ్ ఒక్కసారి ఆకాశం వైపు చూసి, ఆఫీసు గదిలోకి పోతూ, రేపు పొద్దున లోడరు వస్తుంది అన్నాడు. నా గుండె జారిపోయింది.

గుండె జారినప్పుడు నేనేం చేస్తాను? బావ మీద పడ్డాను.

"నీ వెల్డింగు మన్నుల కలువ! పదిమంది ముంగట ఇజ్జత్ తీసినవ్."

"నా అతుకు సూడుపో, ఎక్కడన్న పగిలిందా? గంత జోరుగ గుంజితె ఏనుగు తొండమైన ఊడుతది. నీకు బండి నడపరాదు, బుద్ధి రాదు!"

మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. "మీరిద్దరు కొట్టుకొని సావుండ్రి, నేను అడ్డం రాను. గని ముందుగాల గది ఎందుకు ఊడిందో సూసి సావుండ్రి."

అదీ నిజమే. ముఖం తుడుచుకున్నాను. బావ, లారీ డ్రైవరు కలిసి బ్లేడును చేత్తో తోసి చివరిదాకా తిప్పారు. నేను ఊడిన పైపు కొస పట్టుకుని, అది ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టబోయాను. అందలేదు. ఎంత గుంజినా జానెడు తక్కువ. బ్లేడు తిరిగేకొద్దీ జాకు కూడా దాంతోపాటే పక్కకు జరుగుతోంది. జాకు జరిగితే పైపు దాని వెంట పోవాలి కదా? పోవడానికి దానికి వదులేదీ?

"బావా, మనం పైపు వెయ్యలే," అన్నాను.

"మరేమేసినం?"

"పడుగు పోసినం."

బావ ఒక్క క్షణం నోరెళ్ళబెట్టాడు. తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే ఉప్పులో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చే సమయంలో ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది, తర్వాత నాకూ నవ్వొచ్చింది. మగ్గం వదిలి ఇన్నేళ్ళయినా మగ్గం మా చేతులు వదల్లేదు.

స్కూటరు మీద ఉధనా పరుగెత్తాం. ఆ రోజు దుకాణాలు ముహూర్తానికి తెరిచి, పూజ చేసి, ఒక్క బేరం అయ్యాక మూసేస్తారు. పైపుల దుకాణం సేఠ్ దీపం పెట్టి, షట్టరు దించడానికి లేచి నిలబడి ఉన్నాడు. బోణీ కోసం చూసి చూసి ఇక ఎవరూ రారనుకున్నాడట. మమ్మల్ని, మా నూనె ముఖాలను చూసి మొదట భయపడ్డాడు, విషయం విన్నాక కూర్చోబెట్టాడు. ఏడాదికి తొలి బేరం వెనక్కి పంపకూడదని స్వయంగా మెషీను దగ్గర నిలబడ్డాడు. ఎంత పొడుగు అని అడిగితే బావ అలవాటు కొద్దీ టేపు తీశాడు. నేను ఆ టేపు లాక్కుని జేబులో వేసుకుని, పాతదాని మీద మూరెడు ఎక్కువ వెయ్యమన్నాను.

"మూరెడా? యాలాడుతది గదరా!" అన్నాడు బావ, ప్రాణం పోతున్నట్టు.

"యాలాడనీ."

యార్డుకొచ్చి కొత్త పైపులు బిగించాం. బ్లేడు తిన్నగా ఉన్నప్పుడు అవి పక్కకు వేలాడుతూ, మా కంటికి ఎంత అసహ్యంగా ఉన్నాయంటే చెప్పలేను. బావ ఆగలేక తీగ ముక్క తీసి ఆ వదులును చట్రానికి కట్టేయబోయాడు. చేతి మీద ఒక్కటి వేశాను. నూనె పడిన ఉప్పునంతా పారతో గీకి సంచుల్లోకి ఎత్తి పక్కన పెట్టాం. భుజం నొప్పి అంటే మా ఆవిడ నా చేతిలోంచి పార లాక్కుని తనే ఎత్తింది.

ఇంతలో రెండో లారీ వచ్చింది. డ్రైవరు మా బాధలేవీ తెలియనివాడు. వచ్చినవాడు వచ్చినట్టు దారికి అడ్డంగా ఉప్పంతా గుమ్మరించి, జల్దీ సాఫ్ చెయ్ అని టీ కొట్టు వైపు పోయాడు. సేఠ్ ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఫోను. నేను సీటెక్కాను.

లివరు కుడి వైపు వంచాను. బ్లేడు మెల్లగా, బరువుగా, చివరిదాకా తిరిగింది. పైపులు దాని వెంట సాగి నిలబడ్డాయి, ఒక్క చుక్క కారలేదు. గేరు వేశాను. ఉప్పు లేచి, ఒరిగి, కుప్పలోకి పొర్లింది. చివరికి చేరి ట్రాక్టరు తిప్పి, లివరు ఎడమకు వంచాను. వంగింది! సీటు దిగలేదు, సుత్తి పట్టలేదు, ఎవడినీ బతిమాలలేదు. వెనక్కి వస్తూ మిగిలిందంతా కుప్పలోకి నెట్టేశాను. మళ్ళీ తిప్పాను, మళ్ళీ వెళ్ళాను. నేను గట్టిగా అరుస్తున్నానని నాకు తెలియలేదు, తర్వాత బావ చెప్పాడు. లారీ డ్రైవరు టీ గ్లాసు పట్టుకునే తిరిగొచ్చి, ఖాళీ దారిని చూసి, నా ఉప్పు ఏమైంది అని అడిగాడు.

సేఠ్ ఫోనులో గుజరాతీలో ఎవరితోనో మాట్లాడాడు. లోడరు వద్దు అన్న ఒక్క మాట నాకు స్పష్టంగా వినబడింది. తర్వాత పూజ పళ్ళెంలోని పేడా మిఠాయి తెచ్చి, ట్రాక్టరు మెట్టు మీదికెక్కి, నా నూనె నోట్లో తనే పెట్టాడు. ఈ సీటు నీదే భాయ్, వేరే ఏదీ చూసుకోకు అన్నాడు. బావ కింద నిలబడి, "తిను తిను, నోరు మూసుకుంటవ్ జరసేపు," అన్నాడు. నా జీవితంలో అంత గర్వపడింది లేదు.

అప్పుడు మా ఆవిడ వచ్చి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మడ్‌గార్డు మీదికెక్కి కూర్చుంది. "ఏదది, గది సూపియ్," అంది. లివరు చూపించాను. చిటికెన వేలు దాని మీద పెట్టి మెల్లగా తోసింది. బ్లేడు కుడికి తిరిగింది. ఇటు లాగింది. ఎడమకు తిరిగింది. నవ్వుతుందనుకున్నాను. నా భుజం వైపు చూడగానే తన ముఖం ముడుచుకుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏందయ్యా, గింతేనా? గీ వేలంత పనికా నువ్వు చెయ్యి పోగొట్టుకున్నవ్?"

గేటు దగ్గర ఇంకో లారీ హారను కొట్టింది. తను దిగుతుందేమోనని చూశాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మడ్‌గార్డు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"నువ్వు బండి నడుపు. గిది నేను తిప్పుత," అంది.

ఆ లారీ ఉప్పును మేమిద్దరం కలిసి తోశాం.